గ్లాస్గోలో ఫార్మసిస్టే గదికి వెళ్లి మందు రాస్తాడు: అదెలా కుదిరింది, మన దగ్గర ఎంతవరకు కుదురుతుంది

మీరు అడిగింది ఇదీ: "గుంటూరులో ఫార్మ్-డి (ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ) చదువుతున్నాను. స్కాట్లాండ్‌లో ఫార్మసిస్టులు ఇల్లు లేనివాళ్ల దగ్గరికే వెళ్లి, చూసి, మందులు రాస్తారని విన్నాను. డాక్టర్ లేకుండా అదెలా? నిజంగా ఉపయోగం ఉందా? హైదరాబాదులోనో విజయవాడలోనో ఇలాంటిది చేయొచ్చా? ఆ పనిలోకి రావాలంటే నేనేం చేయాలి?"

నేను స్కాట్లాండ్‌లో ఫార్మసిస్టుని, మందులు రాసే అర్హత ఉంది. ఇల్లు లేనివాళ్లుండే హాస్టళ్లకు వెళ్లే పనిలో చాలాకాలంగా ఉన్నాను. మీరు విన్నది నిజమే. కాకపోతే బయటినుంచి వినేవాళ్లు "ఫార్మసిస్టు మందు రాయడం" దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో అందులో గొప్ప ఏమీ లేదు. మందు రాయగలిగిన మనిషి తనే వెళ్లడం, వచ్చే వారం మళ్లీ వెళ్లడం, పక్కన ఇంటి సంగతీ ప్రభుత్వ భత్యాల సంగతీ చూసే ఇంకో మనిషిని తీసుకెళ్లడం, ఈ మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. మందు రాసే అధికారం ఒక్కటే ఉండి మిగతా రెండూ లేకపోతే, కౌంటర్ వెనక కూర్చున్న ఫార్మసిస్టుకూ దీనికీ పెద్ద తేడా ఉండదు.

ముందు చట్టం సంగతి. బ్రిటన్‌లో 2003లో ఫార్మసిస్టులకు డాక్టర్ వేసిన ప్లాన్‌కు లోబడి మందులు రాసే వీలిచ్చారు. 2006లో సొంతంగా పరీక్షించి, సొంత నిర్ణయంతో రాసే హక్కు వచ్చింది. 2012లో మార్ఫిన్ లాంటి నియంత్రిత మందులు కూడా అందులో చేరాయి. దీనికి ప్రత్యేకంగా కోర్సు చేయాలి, మందులు రాసే అర్హత ఉన్న ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి, ఏ రంగంలో సామర్థ్యం ఉందో ఆ రంగంలోనే రాయాలి. నేను గుండె జబ్బుల మందులు రాయగలిగినంత మాత్రాన క్యాన్సర్ మందులు రాయకూడదు. తప్పు జరిగితే బాధ్యత పూర్తిగా నాదే, "డాక్టర్ గారు చెప్పారు" అనడానికి ఉండదు. మన దేశంలో ఇది లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుకు రిజిస్టర్డ్ డాక్టర్ చీటీ ఉండాల్సిందే. షాపుల్లో జరిగేది వేరే అంటారా, దాని గురించి కింద చెప్తాను.

గ్లాస్గోలో ఈ పద్ధతికి ఫీనిక్స్ అని పేరు. అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఫార్మసిస్టులు, సైమన్ కమ్యూనిటీ స్కాట్లాండ్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు జంటగా తిరుగుతారు. హాస్టల్ గది, డే సెంటర్, సూప్ పంచే చోటు, మెట్ల కింద, మనిషి ఎక్కడుంటే అక్కడికి. ఎడిన్‌బరోలో కూడా ఇలాంటి పని జరిగింది. డాక్టర్లు వీధుల్లోకి వెళ్లడం కొత్తేం కాదు; అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో జిమ్ విదర్స్ అనే డాక్టర్ 1992 నుంచే రాత్రిపూట వంతెనల కిందికి వెళ్లి వైద్యం చేశారు. ఫార్మసిస్టు ముందుండి నడపడమే ఇక్కడి కొత్త.

గ్లాస్గోలోనే ఎందుకు వచ్చిందంటే, అవసరం అక్కడ అంత తీవ్రంగా ఉంది. స్కాట్లాండ్ మొత్తం జనాభా సుమారు 55 లక్షలు, అంటే ఒక్క హైదరాబాదు కన్నా తక్కువ. అంత చిన్న దేశంలో 2020లో మత్తుమందుల వల్ల 1,339 మంది చనిపోయారు. 2023లో 1,172 మంది. హెరాయిన్ ఒక్కటే అయితే వేరే సంగతి. దాంతోపాటు వీధుల్లో దొరికే నకిలీ "వేలియం" (మత్తునిచ్చే నిద్రమాత్ర) బిళ్లలు మింగుతారు. వాటిలో ఎటిజోలాం, బ్రొమజోలాం లాంటివి ఉంటాయి, ఏ బిళ్లలో ఎంతుందో అమ్మినవాడికే తెలియదు. 2015 నుంచి సూదులు పంచుకునేవాళ్లలో హెచ్‌ఐవీ కూడా విజృంభించింది. ఇక ఇళ్ల సంగతి: 2023 నవంబరులో గ్లాస్గో నగర కౌన్సిల్ హౌసింగ్ ఎమర్జెన్సీ ప్రకటించింది. అక్కడ "ఇల్లు లేనివాళ్లు" అంటే అందరూ ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు కాదు. ఎక్కువమంది కౌన్సిల్ తాత్కాలికంగా ఇచ్చిన హోటల్ గదుల్లో, హాస్టళ్లలో నెలల తరబడి ఉంటారు. తలుపు ఉంటుంది, తాళం ఒక్కోసారి ఉండదు. వంటగది ఉండదు. పక్క గదిలో ఎవరుంటారో తెలియదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు లేకుండా చనిపోయినవాళ్ల సగటు వయసు 45 దగ్గర ఉంటుందని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెప్తాయి.

మీకు వచ్చే సందేహం నాకు తెలుసు. అక్కడ వైద్యం ఉచితం కదా, స్కాట్లాండ్‌లో 2011 నుంచి మందుల చీటీకి కూడా డబ్బు కట్టక్కర్లేదు, అడ్రస్ లేకపోయినా డాక్టర్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. మరి వాళ్లే ఎందుకు వెళ్లరు?

వెళ్లరు. ఎనిమిది గంటలకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ పట్టాలి. ఫోన్ ఉండదు, ఉంటే ఛార్జింగ్ ఉండదు, రెండూ ఉంటే క్యూలో వేచి ఉండేంత బ్యాలెన్స్ ఉండదు. పది రోజుల తర్వాత గురువారం పదిన్నరకు రమ్మంటారు. రేపు ఎక్కడ పడుకుంటాడో తెలియని మనిషికి పది రోజుల తర్వాత గురువారం అంటే ఏమిటి? పొద్దున్నే ఒంట్లో హెరాయిన్ తగ్గి వణుకు మొదలైతే ముందు దాని సంగతి చూసుకోవాలి. గది వదిలి వెళ్తే ఉన్న నాలుగు వస్తువులూ పోతాయి. కుక్కను బయట కట్టేసి రమ్మంటే రాడు. ఇవన్నీ దాటి వెళ్లినా, వెయిటింగ్ రూమ్‌లో పక్కవాళ్లు ముక్కు మూసుకోవడం, రిసెప్షన్‌లో ఆ చూపు. రెండు అపాయింట్‌మెంట్లు తప్పితే "సహకరించని పేషెంట్" అని ఫైల్లో పడుతుంది. ఇక అతను వెళ్లేది ఒక్క చోటికే, అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి. అక్కడినుంచి కూడా చికిత్స పూర్తికాకముందే లేచి వచ్చేస్తాడు, ఎందుకంటే అక్కడ మెథడోన్ (హెరాయిన్‌కు బదులుగా రోజూ ఇచ్చే మందు) సమయానికి ఇవ్వరు.

ఇప్పుడు గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, మీకు పనికొచ్చేది ఇదే.

మొదటిసారి వెళ్లినప్పుడు చాలావరకు ఏమీ జరగదు. తలుపు తీయరు, లేదా తీసి "ఏమీ వద్దు" అంటారు. కార్యకర్త సాక్సులో, టీయో, సిమ్ కార్డో ఇచ్చి కాసేపు మాట్లాడి వస్తాడు. రెండో మూడో సారికి "కాలు చూడండి" అంటారు. కాలు చూస్తే ప్యాంటుకు అతుక్కుపోయిన పుండు. సూది వేసుకునే చోట చీము గడ్డ. గజ్జల్లో వేసుకునేవాళ్లకు ఒక కాలు మాత్రమే వాచి, గట్టిపడి ఉంటే లోపల రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించాలి. ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులు, నలభై ఏళ్లకే మెట్లెక్కలేని ఆయాసం. బీపీ ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. దంతాలు. ఫిట్స్ మందు ఆర్నెల్ల కిందట ఆగిపోయి ఉంటుంది.

అక్కడ ఫార్మసిస్టు చదువు నిజంగా పనికొచ్చేది ఏ మందు అన్న దగ్గర కాదు, ఈ మనిషి ఈ గదిలో ఏది మింగగలడు అన్న దగ్గర. చర్మానికి ఇన్ఫెక్షన్ వస్తే పుస్తకం ఫ్లూక్లోక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ అంటుంది. రోజుకు నాలుగుసార్లు, పరగడుపున. గడియారం లేనివాడికి, తిండి దొరికినప్పుడే తినేవాడికి అది కుదిరే పనేనా? డాక్సీసైక్లిన్ అయితే రోజుకు ఒకటో రెండో సరిపోతుంది. కానీ దాన్ని గ్లాసుడు నీళ్లతో కూర్చుని మింగాలి, మింగి వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండు పడుతుంది, మత్తులో ఉన్నవాడు మింగగానే ఒరిగిపోతాడు. అందుకని పొద్దున మెథడోన్ తాగే వేళకు దాన్ని జత చేస్తాం. ఇంకో యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ రాద్దామంటే అది మెథడోన్‌తో కలిసి గుండె లయను దెబ్బతీయొచ్చు. కాలిలో రక్తం గడ్డకు, గడ్డకట్టకుండా చేసే రివరోక్సబాన్ అనుకుంటే, వైద్యానికి వాడే ఆ డోసు అన్నంతోనే తీసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. ఎపిక్సబాన్‌కు తిండితో పని లేదు, కానీ రోజుకు రెండుసార్లు. ఏది ఎంచుకోవాలి? ఆ మనిషి రోజులో ఒక్కసారైనా ఖచ్చితంగా భోజనం చేసే చోటు ఉందా అని అడిగి తేల్చాలి. దీనికి గైడ్‌లైన్ ఉండదు.

టీబీ ఉన్నవాళ్ల విషయం మరీ సున్నితం. రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలుపెట్టగానే ఒంట్లో మెథడోన్ పడిపోతుంది. రోగికి తెలిసేదల్లా ఒక్కటే, "ఈ ఎర్ర బిళ్ల వేసుకున్నప్పటినుంచి నాకు వణుకు, ఒళ్లు నొప్పులు." అతను మానేసేది మెథడోన్ కాదు, టీబీ మందు. ముందే ఊహించి మెథడోన్ చూసే క్లినిక్‌తో మాట్లాడి మోతాదు సరిచూస్తే మనిషి నిలబడతాడు, లేకపోతే "చికిత్స మానేసినవాడు" అని రాసుకుంటారు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఫ్రిజ్ గురించి చెప్తే నవ్వుతారు. వాడుతున్న పెన్ను గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుందని చెప్తే ఊపిరి పీల్చుకుంటారు. గ్లాస్గో చలికాలంలో అసలు సమస్య తిరగబడుతుంది, బయట పడుకునేవాడి సంచిలో ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం, గడ్డకడితే అది పనికిరాదు. ఒంటికి దగ్గరగా లోపలి జేబులో పెట్టుకోమంటాం. తిండికి హామీ లేనివాడికి షుగర్‌ను మరీ గట్టిగా అదుపు చేయాలని చూడటం ప్రమాదం. షుగర్ కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు, రాత్రి ఒంటరిగా పడిపోకూడదు.

రాయకూడని మందులు కూడా తెలియాలి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, గాబాపెంటిన్‌లకు వీధిలో ధర ఉంది. ఓపియాయిడ్లతో (హెరాయిన్, మెథడోన్ లాంటివి) కలిస్తే ఊపిరి ఆగొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో అవి నియంత్రిత మందులు. నరాల నొప్పి నిజమే కావచ్చు, అడిగే మనిషి మంచివాడే కావచ్చు, అయినా నెలకు సరిపడా డబ్బా చేతికిస్తే ఆ రాత్రే ఎవరో లాక్కుంటారు. వద్దని చెప్పి, సంబంధం చెడకుండా మళ్లీ వారం ఆ తలుపు కొట్టగలగడం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టే విద్య. మందులు ఎప్పుడూ వారానికి, అవసరమైతే రోజుకు ఒక్కరోజువే ఇప్పిస్తాం.

నాలోక్సోన్ (హెరాయిన్ మోతాదు మించి ఊపిరి ఆగుతుంటే మనిషిని తిరిగి లేపే మందు) లేకుండా ఎవరూ బయల్దేరరు. స్కాట్లాండ్ 2011లోనే దేశవ్యాప్తంగా ఇంటికిచ్చే నాలోక్సోన్ పథకం మొదలుపెట్టింది. ముక్కులో కొట్టేదీ ఉంది, కండకు వేసే సిరంజీ ఉంది. ఇచ్చేటప్పుడు రెండు మాటలు తప్పక చెప్తాం. ఒకటి, దాని ప్రభావం కొద్దిసేపే, హెరాయిన్ అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి లేచాడు కదా అని వదిలేయొద్దు, అంబులెన్స్ పిలవాలి. రెండు, నకిలీ వేలియం మీద ఇది పని చేయదు, అయినా కొట్టండి, కింద హెరాయిన్ కూడా ఉండే అవకాశమే ఎక్కువ. ఇది మేము ఎక్కువగా ఇచ్చేది రోగికి కాదు, అతని పక్క గదివాడికి. తనకు తాను కొట్టుకోలేడు కదా.

మందుల షాపుల పాత్ర కూడా చెప్పాలి, చాలామందికి ఇది తట్టదు. మెథడోన్ తీసుకునే మనిషి డాక్టర్‌ని ఏడాదిపాటు చూడకపోవచ్చు గానీ ఫార్మసిస్టును దాదాపు రోజూ చూస్తాడు. మూడు రోజులు వరుసగా రాకపోతే పాత మోతాదు ఇవ్వరు, అలవాటు తగ్గి ఉంటుంది కాబట్టి అదే ప్రాణం తీయొచ్చు. అంటే ఎవరు కనబడటం లేదో మొదట తెలిసేది షాపుకే. ఈ రోజువారీ పరిచయాన్నే వాడుకుని స్కాట్లాండ్‌లో 55 ఫార్మసీలతో ఒక పెద్ద ట్రయల్ చేశారు, 2020లో ఫలితాలొచ్చాయి. హెపటైటిస్-సి పరీక్ష, చికిత్స ఫార్మసిస్టే నడిపిన చోట నయమైనవాళ్ల వాటా మామూలు పద్ధతి కన్నా రెట్టింపుకు పైగా తేలింది. మందులు రెండు చోట్లా ఒకటే. రోగి ఆసుపత్రికి వెళ్లాల్సి రావడమా, తాను రోజూ వెళ్లే చోటే జరగడమా, తేడా అంతే. ఇప్పుడు మెథడోన్‌కు బదులుగా నెలకోసారి వేసే బుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ వచ్చింది. రోజూ షాపు దగ్గర నిలబడే అవమానం తప్పుతోంది, మంచిదే. కానీ ఆ రోజువారీ చూపు కూడా పోతోంది. నాకు అది కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఇక జంటలో రెండో మనిషి. ఫార్మసిస్టులు రాసే వ్యాసాల్లో ఇతను ఒక వాక్యంలో వచ్చి పోతాడు, అది అన్యాయం. బీపీ బిళ్ల రాస్తే నేను చూసుకుంటాను. కానీ ఆ వారం భత్యం ఆగిపోయిందనుకోండి, గది ఖాళీ చేయమని నోటీసు వచ్చిందనుకోండి, బీపీ బిళ్ల ఎవడిక్కావాలి? కార్యకర్త అక్కడే ఫోన్ తీసి ఆఫీసువాళ్లతో గంటసేపు లైన్లో ఉంటాడు. కౌన్సిల్ మీటింగుకు వెంట వెళ్తాడు. అతను గతంలో అదే జీవితం గడిపి బయటపడ్డవాడు అయితే, నేను నెలరోజులకు సంపాదించే నమ్మకం అతను పది నిమిషాల్లో సంపాదిస్తాడు. ఇద్దరూ ఒకే గదిలో ఒకేసారి ఉండటం వల్ల రోగి తన కథ రెండుసార్లు చెప్పుకోనక్కర్లేదు. డబ్బు తక్కువుందని ఎవరైనా ఇద్దరిలో ఒకరిని తీసేయమంటే, పథకమే ఆపేయమంటాను.

ఉపయోగం ఉందా అని సూటిగా అడిగారు. నిజాయితీగా చెప్తే, ఇంకా రుజువు పూర్తి కాలేదు. గ్లాస్గోలో గత ఆర్నెల్లలో ఓవర్‌డోస్ అయి బతికిన, ఇల్లు లేని 128 మందితో ఒక పైలట్ ట్రయల్ చేశారు. కొందరికి ఫీనిక్స్ జంట వారంవారం వెళ్లింది, కొందరికి మామూలు సేవలే. పైలట్ అంటే అది ప్రాణాలు నిలబెట్టిందా అని తేల్చే పరీక్ష కాదు. ఇలాంటి మనుషుల్ని ట్రయల్‌లోకి తీసుకోగలమా, నెలల తర్వాత మళ్లీ వెతికి పట్టుకోగలమా, పెద్ద ట్రయల్ పెట్టడం సాధ్యమా అని చూసేది. సాధ్యమేనని తేలింది. "వీళ్లు దేనికీ నిలబడరు" అనే మాటకు అదొక జవాబు. అంతకుమించి దీన్ని చూపించి మరణాలు తగ్గాయని ఎవరైనా పోస్టులు పెడితే నమ్మకండి. అంతకుముందు గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో రోగుల్ని, సిబ్బందిని అడిగి చేసిన అధ్యయనంలో రోగులు మెచ్చుకున్నవి సాదా సంగతులు: మా దగ్గరికి వచ్చారు, తొందరపెట్టలేదు, మళ్లీ వచ్చారు.

ఒక విమర్శ ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. డబ్బున్నవాడికి డాక్టరు, దిక్కులేనివాడికి ఫార్మసిస్టా? గదికి వచ్చే మనిషి ఉన్నాడు కదా అని డాక్టర్ల క్లినిక్కులు వీళ్లను వదిలేస్తే ఆ విమర్శ నిజమవుతుంది. మేము చూసుకోవాల్సింది, మా ద్వారా వాళ్లు మామూలు వైద్యంలోకి చేరుతున్నారా లేదా అన్నది. ఇంకోటి, మా హద్దు. కుంటుకుంటూ ఉన్న మనిషి జ్వరంతో తికమకగా మాట్లాడితే, ఛాతీ నొప్పి అంటే, షుగర్ ఉన్నవాడు వాంతులు చేసుకుంటూ ఊపిరి వేగంగా తీస్తుంటే, బిళ్ల రాసే సమయం కాదు, అంబులెన్స్ పిలవాలి, పిలిచి అతనితోపాటు వెళ్లాలి. లేకపోతే మధ్యలో దిగిపోతాడు. ఈ పనికి డబ్బు కూడా ఏడాది ఏడాదికీ అడుక్కోవాల్సిందే. మార్చి వస్తోందంటే వచ్చే ఏడు ఈ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. నమ్మకం మీద నడిచే పనికి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు ఉండదు.

హైదరాబాదు, విజయవాడల సంగతికి వద్దాం. అక్కడి మోడల్ ఇక్కడ దించితే పని చేయదు, రోగులే వేరు. మన ఫుట్‌పాత్‌ల మీద ఉండేది అడ్డా కూలీలు, పిల్లలు వదిలేసిన ముసలివాళ్లు, మతి చెదిరి ఊరు మర్చిపోయినవాళ్లు, పెద్దాసుపత్రి గేటు బయట చాప పరుచుకున్న రోగుల బంధువులు. హెరాయిన్ కన్నా చీప్ లిక్కరు, టీబీ, బీపీ, షుగర్ పుండ్లు, యాక్సిడెంట్ గాయాలు. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే పెద్ద నగరాలకు చెప్పింది. అర్బన్ లైవ్‌లీహుడ్స్ మిషన్ కింద షెల్టర్లు కట్టారు. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, మందులు అక్కడ ఉచితం. అంటే డాక్టరూ ఉన్నాడు, మందూ ఉంది, మధ్యలో నడిచే మనిషి లేడు. ఆ ఖాళీలో ఫార్మ్-డి చదివినవాళ్లు నిలబడొచ్చు, మందు రాసే హక్కు లేకుండానే.

ఎలాగంటే, షెల్టర్‌లో ఒక ముసలాయన సంచి విప్పించి చూడండి. గవర్నమెంటు ఆసుపత్రి డిశ్చార్జి మందులు, ఎవరో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పక్క మంచం ఆయన పంచినవి అన్నీ ఒకే కవర్లో ఉంటాయి. ఒకే బీపీ మందు రెండు బ్రాండ్లలో వేసుకుంటుంటాడు. నొప్పి బిళ్లలతో కిడ్నీ దెబ్బతింటుంటుంది. ఇవి వేరు చేసి, ఒక కాగితం మీద పొద్దున సూర్యుడు, రాత్రి చంద్రుడు బొమ్మలేసి ఇచ్చి, బీపీ చూసి, చీటీ అవసరమైతే బస్తీ దవాఖానాకు మీరే వెంట తీసుకెళ్లండి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ ఫోన్‌లోనో వీడియోలోనో చూసి చీటీ ఇవ్వొచ్చు. మీరు పక్కనుండి రీడింగులు చెప్పండి. టీబీ మందు రోజువారీ వేయించడం షెల్టర్ వాచ్‌మన్‌తో కలిసి చేయొచ్చు. టీబీ రోగికి కేంద్రం ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది, కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్ పోయినవాడికి ఖాతా ఎక్కడిది? గ్లాస్గోలో రెండో మనిషి చేసే పని ఇక్కడ ఇదే, ఆధార్ తీయించడం, ఖాతా తెరిపించడం. మన ఎండల్లో ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండ చాలావరకు కాపాడుతుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. మన మెడికల్ షాపుల అలవాటు మీకు తెలిసిందే, దగ్గు అంటే యాంటీబయాటిక్, ఒళ్లు నొప్పులంటే స్టెరాయిడ్ కలిపిన "సెట్టు". సేవ పేరుతో షెల్టర్‌లో అదే చేస్తే ఇంకా నష్టం. లీవోఫ్లోక్సాసిన్ లాంటిది నాలుగు రోజులిస్తే టీబీ కాస్త అణిగి, జబ్బు బయటపడటం నెలలు ఆలస్యమవుతుంది. ఆ లోపు ఆ హాలులో పడుకునే వాళ్లందరికీ అంటుతుంది. స్కాట్లాండ్‌లో ఫార్మసిస్టులు రాస్తున్నారు కదా అని ఎవరైనా వాదిస్తే, వాళ్లు కోర్సు చేసి, రికార్డు రాసి, జవాబుదారీగా రాస్తున్నారని చెప్పండి.

మీరు స్కాట్లాండ్‌కు రావాలనుకుంటే దారి పొడుగే. మన డిగ్రీతో నేరుగా ఫార్మసిస్టు కాలేరు. ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, తర్వాత 52 వారాల ట్రైనింగు, ఆ పైన రిజిస్ట్రేషన్ పరీక్ష. నిబంధనలు మారుతున్నాయి కాబట్టి డబ్బు కట్టే ముందు అక్కడ ఫార్మసిస్టులను నమోదు చేసే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకోండి, కన్సల్టెన్సీ మాట మీద వెళ్లొద్దు. మామూలు ఎమ్మెస్సీ చేస్తే ఫార్మసిస్టు అయిపోతారని చెప్పేవాళ్లు ఉన్నారు, అవరు. బ్రిటన్‌లో 2026 నుంచి డిగ్రీ చేసి కొత్తగా రిజిస్టరయ్యేవాళ్లకు మందులు రాసే అర్హత చదువులోనే కలిసి వస్తోంది. అందుకే ఆ అర్హత ఒక్కటే మిమ్మల్ని ప్రత్యేకంగా నిలబెట్టదు. హాస్టల్ పనికి ఇంటర్వ్యూ చేసేటప్పుడు మేము చూసేది, ఇలాంటి మనుషుల మధ్య మీరెప్పుడైనా కూర్చున్నారా అని. గ్లాస్గో యాస సంగతి వచ్చాక చూసుకుందాం, ఇంగ్లండ్ వాళ్లకే అర్థం కాదు.

అందుకని ఇప్పటినుంచే మొదలుపెట్టండి. మీ ఊళ్లో షెల్టర్ ఎక్కడుందో మున్సిపాలిటీలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆఫీసులో అడిగితే చెప్తారు. హైదరాబాదులో అయితే జీహెచ్‌ఎంసీలో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ (యూసీడీ) విభాగం. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం తీసుకెళ్లండి, లేకపోతే ఏ ఎన్జీవోనో ఫోటోలకు వచ్చిందనుకుంటారు. సాయంత్రం ఏడు తర్వాత వెళ్లండి, పగలు అందరూ పనికో అడ్డాకో పోయి ఉంటారు. బీపీ మిషను, గ్లూకోమీటరు, ఒక నోట్‌బుక్కు చాలు. స్నేహితుల్లో ఒకరిని కూడా తీసుకెళ్లండి, వీలైతే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్) చదివే వాళ్లను. వచ్చే వారం వస్తామని చెప్తే అదే రోజు, అదే టైముకి వెళ్లండి. పరీక్షలుంటే ముందే చెప్పి మానండి.